అప్‌డేట్: పాత బకాయి పేరుతో ఆగిన ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ వచ్చేసింది

నా రూ.38,400 రీఫండ్‌ని పాత బకాయి కింద సర్దుకుంటామని సెక్షన్ 245 నోటీసు వచ్చిందని అడిగాను కదా, నిన్న డబ్బు పడింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు ఫారం 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్ను వివరాల స్టేట్‌మెంట్) చూడండి" అన్న సలహాయే పనిచేసింది. బకాయి చూపించిన 2023-24 అసెస్‌మెంట్ ఇయర్‌కి చివరి మూడు నెలల టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసిన పన్ను) అందులో లేదు. పే స్లిప్‌లో కోత ఉంది, అక్కడ మాత్రం ఖాళీ. పాత కంపెనీవాళ్లు నా పాన్‌లో ఒక అక్షరం తప్పు వేశారు! వెంటపడి టీడీఎస్ రిటర్న్ సరిచేయించాను.

ఈలోగా 21 రోజుల గడువులోనే పోర్టల్‌లో ఆ డిమాండ్ (బకాయి) ఒప్పుకోనని జవాబిచ్చాను. ఇది మాత్రం దయచేసి ఆలస్యం చేయకండి. 26ఏఎస్‌లో ఆ టీడీఎస్ ఎంట్రీ కనబడ్డాక సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (తప్పు సరిదిద్దమనే దరఖాస్తు) పెడితే డిమాండ్ సున్నా అయింది.