యూరియా తగ్గించి బయోస్టిమ్యులెంట్ వాడినవాళ్లు ఉన్నారా? (టమాటా, ఎర్రనేల)

చింతామణి_టమాటా:
నేను బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం, శని ఆదివారాలు చింతామణి దగ్గర మా చేనుకు వెళ్తాను. రెండెకరాల టమాటా, డ్రిప్పు ఉంది. పోయిన వారం యూరియాకని వెళ్తే అంగడాయన సముద్రపు నాచు మందు (బయోస్టిమ్యులెంట్ అంటారే, ఎరువు కాకుండా మొక్క పెరగడానికి ఊతమిచ్చే మందు) ఒక లీటరు డబ్బా కొంటేనే మూట ఇస్తానన్నాడు, పైగా ఇది కొడితే యూరియా సగం చాలన్నాడు. మా నాయన ఒప్పుకోవడం లేదు. నిజంగా వాడి చూసినవాళ్లు చెప్పండి.

హెబ్బాళ_మట్టి:
అన్నా, నేను జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) మట్టి గురించే చదువుతున్నాను. ముందు లెక్క చూడండి. యూరియా మూట 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే దాదాపు 20 కిలోల 700 గ్రాములు. లీటరు డబ్బాలో పది శాతం నత్రజని ఉందనుకున్నా వంద గ్రాములు దాటదు, నాచు మందుల్లో అంత కూడా ఉండదు. కాబట్టి అది యూరియాకు బదులు కానే కాదు.

అలాగని పనికిరాదనీ కాదు. మనం వేసిన నత్రజనిలో చాలా భాగం మొక్కకు అందదు, కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి నీళ్లతో పాటు వేళ్లకు అందకుండా కిందికి దిగిపోతుంది. నాచు, హ్యూమిక్, అమినో ఆమ్లాల మందులు వేరు పెరగడానికి, లోపలికి వెళ్లిన నైట్రేటును ఆకు వాడుకోవడానికి సాయపడతాయి. పోయేదాంట్లో కొంత మిగులుతుంది, అంతే.

మిద్దెతోట_కేఆర్‌పురం:
నాది మిద్దె తోట తమ్ముడూ, చేను లెక్కలు నాకు తెలియవు. కానీ ఒకే రోజు నాటిన వంకాయ నారులో సగానికి నాచు నీళ్లు పోశాను, సగానికి మామూలు నీళ్లు. మూడు వారాలకు ఒక్కో కుండీ బోర్లించి చూస్తే, నాచు పోసినదాని వేళ్లు మట్టిముద్ద చుట్టూ తెల్లటి దారాల్లా అల్లుకున్నాయి, రెండోదానికి అడుగున నాలుగు పోగులే. ఆకులు మాత్రం రెండింటికీ ఒకేలా ఉన్నాయి. పైకి చూసి తేడా లేదనుకుంటే పొరపాటే.

మదనపల్లె_బాక్సులు:
నేను రెండు పంటలు చూశాను, అందుకే ఇంత రాస్తున్నా. మొదటిసారి అంగడి మాట నమ్మి యూరియా సగానికి సగం కోసేశాను. నలభై రోజులకల్లా కింది ఆకులు పసుపు తిరిగాయి, నత్రజని చాలకపోతే మొక్క ముదురాకు నుంచి లాగి చిగురుకు ఇస్తుంది కదా, అదే. పిందె సన్నబడింది. ఆ పంటలో పడిన బాధ ఇంకా మరిచిపోలేదు.

రెండోసారి పావు వంతే తగ్గించి, మిగిలింది డ్రిప్పులో వారం వారం కొంచెం కొంచెంగా ఇచ్చాను. నాచు మందు నాటిన పదిహేను రోజులకు ఒకసారి, పూతకు ముందు ఒకసారి. ఆరు సాళ్లకు మందు కొట్టకుండా వదిలేశాను. వాతావరణం బాగున్నన్నాళ్లు ఏ సాలుకూ తేడా లేదు. మే నెల ఎండ ముదిరాక మాత్రం వదిలేసిన సాళ్లలో పూత ఎక్కువ రాలింది. ఇందులో డ్రిప్పు గొప్పెంత, మందు గొప్పెంత అంటే, నా లెక్కలో డ్రిప్పుదే ఎక్కువ.

హెబ్బాళ_మట్టి:
మదనపల్లె అన్న చెప్పింది సరిగ్గా సరిపోతుంది, ఎండ, నీటి ఎద్దడి లాంటి ఇబ్బంది ఉన్నప్పుడే వీటి ఫలితం కంటికి కనిపిస్తుంది. ఇంకొకటి, 2021లో బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చారు. డబ్బా మీద ఏ రకం, ఎంత శాతం, ఏ పంటకు అని రాసి ఉందో లేదో చూడండి. అది లేకపోతే కొనొద్దు. యూరియాకు ముడిపెట్టి అంటగడితే బిల్లు అడిగి తీసుకుని వ్యవసాయ శాఖకు ఫిర్యాదు చేయండి.

మదనపల్లె_బాక్సులు:
అజోస్పైరిల్లం లాంటి జీవన ఎరువు వేసేవాళ్లు దాన్ని కాపర్ మందుతో ఒకే ట్యాంకులో కలపకండి, బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

చింతామణి_టమాటా:
అందరికీ చాలా థాంక్స్. ఈ శనివారం నాలుగు సాళ్ల మొదట్లో కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టి వస్తాను, వాటికి మందు కొట్టం. యూరియా పావు వంతే తగ్గిస్తాం. మా నాయన ఒకటే అడుగుతున్నాడు: కొట్టాక వాన పడితే మళ్లీ కొట్టాలా?

మదనపల్లె_బాక్సులు:
ఆకు మీద ఆరకముందే పడితే మళ్లీ కొట్టాలి. పొద్దున్నే కొట్టమనండి, ఎండెక్కాక వద్దు.