కారు ప్రయాణానికి కాసెట్ స్టవ్వా, చిన్న గ్యాస్ బండా?

గుంటూరు బాటసారి:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో కారులో లంబసింగి, వంజంగి, అరకు తిరిగి రావాలని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న. నాన్నకి షుగర్, వేళకి వేడిగా ఏదో ఒకటి పడాలి. అందుకని ఒక్క బర్నర్ ఉన్న స్టవ్ కొనాలని చూస్తున్నా. పక్కన డబ్బా పెట్టి బిగించే కాసెట్ స్టవ్ ఒకటి నచ్చింది. మా బావమరిదేమో అది దండగ, 5 కిలోల చిన్న బండ తీసుకెళ్లు అంటున్నాడు. కాదూ కాసెట్టే కావాలంటే, డబ్బా అయిపోయినప్పుడల్లా ఇంటి బండ నుంచి అడాప్టర్ పెట్టి నింపుకో, ఖర్చే ఉండదు అంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి. ఏది కొనమంటారు? ఆ నింపుడు పనికొస్తుందా?

హైవే వంటిల్లు:
మీ బావమరిది మాటల్లో మొదటిది కరెక్ట్ అన్నా. కాసెట్ డబ్బాలో ఉండేది 220 గ్రాముల గ్యాస్. డబ్బా రెండొందలు అనుకున్నా కిలో తొమ్మిది వందలు పడింది. ఇంట్లో బండ గ్యాస్ కిలో అరవై, డెబ్బై రూపాయలు. 5 కిలోల బండకి సబ్సిడీ లేదు కాబట్టి అంతకంటే ఎక్కువే అవుతుంది, అయినా డబ్బాలతో పోలికే లేదు. పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది, ఏదో ఒక గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. పెద్ద కుక్కర్ పెట్టొచ్చు, చలిలో మంట తగ్గదు. మేం అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి శ్రీశైలం, మహానంది వెళ్లినప్పుడు సత్రం ఆవరణలో దాని మీదే వండుకుంటాం. రెండో మాట, అదే డబ్బా నింపుకోవడం గురించి నాకు తెలీదు, చేయలేదు.

కొండగాలి:
బాటసారి గారూ, మీరు చెప్పిన ప్రయాణానికి కాసెట్ స్టవ్వే సరైనది. నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మా ఇంట్లో కరెంటు పోయినా, కార్తీక వనభోజనాలకు వెళ్లినా అదే.

ముందు ఖర్చు సంగతి. లీటరు నీళ్లు మరగడానికి దాదాపు 14, 15 గ్రాముల గ్యాస్ చాలు, సగం వేడి గాలిలో కలిసిపోయిందనుకున్నా సరే. అంటే ఒక డబ్బాతో పధ్నాలుగు, పదిహేను లీటర్లు మరుగుతాయి. మంట పూర్తిగా పెట్టి వాడితే గంటకు కొంచెం పైన వస్తుంది. ఆరుగురికి పొద్దున టీ, ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, సాయంత్రం మళ్లీ టీ, ఇవన్నీ కలిపి రోజుకో డబ్బా. మూడు రోజులకు ఆరేడు వందలు. ఆరుగురం దారి హోటల్లో ఒక్కపూట కూర్చుంటే అంతకంటే ఎక్కువ బిల్లు అవుతుంది. కిలో లెక్క ఇంటికి వర్తిస్తుంది గానీ ఏడాదికి నాలుగైదు సార్లు వాడేవాళ్లకు దాంతో పనేమిటి?

హైవే వంటిల్లు గారు బండ బరువు చెప్పలేదు. గ్యాసూ ఇనుమూ కలిపి పన్నెండు కిలోలు దాటుతుంది. ఆరుగురు ఎక్కాక డిక్కీలో ఉన్న సామాను మధ్య దాన్ని నిలబెట్టే చోటు ఎక్కడుంటుంది? పడుకోబెట్టకూడదు. పడుకోబెట్టి స్టవ్ వెలిగిస్తే ఆవిరికి బదులు ద్రవమే వాల్వులోంచి వస్తుంది, మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. పాడేరు ఘాట్ మలుపుల్లో అది దొర్లకుండా ఎవరు పట్టుకుంటారు? ఎల్పీజీ గాలికంటే బరువు. ఎక్కడైనా లీకైతే పైకి పోదు, కాళ్ల దగ్గర పేరుకుంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు కూర్చున్న కారులో ఆ టెన్షన్ నేను పెట్టుకోను.

ఇక కాసెట్ స్టవ్ ఎలా పని చేస్తుందో చూస్తే నాకు దాని మీద నమ్మకం ఎందుకో తెలుస్తుంది. డబ్బా మూతి అంచు మీద చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి స్టవ్‌లోని నాలుకకు ఎదురుగా వచ్చేలా పెట్టి మీట కిందికి దించాలి. గాడి తప్పితే మీట దిగనే దిగదు. దిగినప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది. డబ్బా బాగా వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగితే అదే మీట దానంతటదే లేచి డబ్బాను వెనక్కి తోస్తుంది, గ్యాస్ ఆగిపోతుంది. కొనేటప్పుడు ఈ సేఫ్టీ ఉందో లేదో అడిగి కొనండి. జపాన్‌లో ఇవతాని కంపెనీ 1969లో గొట్టం లేని ఈ తరహా స్టవ్ తెచ్చింది. అక్కడ చలికాలంలో ఇంటిల్లిపాదీ భోజనాల బల్ల మీద దీన్ని పెట్టుకుని చుట్టూ కూర్చుని వండుకు తింటారు. గొట్టం లేకపోవడమే దీని బలం. ఎలుక కొరికేది లేదు, కాలికి తట్టుకునేది లేదు.

హిమాలయ దారి:
కొండగాలి అన్నా, లంబసింగి చలి సంగతి వదిలేశావు. కాసెట్ డబ్బాలో ఉండేది బ్యూటేన్ అనే గ్యాస్. అది సున్నాకి అర డిగ్రీ కింద దాకానే ఆవిరవుతుంది, అంతకంటే చల్లబడితే ద్రవంగానే ఉండిపోతుంది. డిసెంబర్, జనవరిల్లో లంబసింగిలో తెల్లవారుజామున సున్నాకి దగ్గరగా పడిపోయే రోజులున్నాయి. పైగా గ్యాస్ ఆవిరయ్యేకొద్దీ డబ్బాలో వేడిని లాగేసుకుంటుంది. బయట ఐదు డిగ్రీలున్నా డబ్బా అంతకంటే చల్లబడుతుంది. పట్టుకుంటే చేతికి తడి తగులుతుంది, కింద తెల్లగా మంచు కూడా కడుతుంది. మంట కొవ్వొత్తిలా అయిపోతుంది.

నేను కొండలెక్కేటప్పుడు మర బిగించే డబ్బా వాడతాను. అందులో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపి ఉంటాయి. ఐసోబ్యూటేన్ సున్నాకి దాదాపు పన్నెండు డిగ్రీల కింద కూడా ఆవిరవుతుంది, ప్రొపేన్ నలభై రెండు కింద. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కినప్పుడు మంచు మీద కూడా టీ కాచుకున్నాం. బర్నర్ అరచేతిలో పడుతుంది, వంద గ్రాముల లోపు బరువున్నవీ దొరుకుతాయి. విమానంలో గ్యాస్ డబ్బా ఎక్కనివ్వరు కాబట్టి డెహ్రాడూన్‌లోనో మనాలీలోనో కొనుక్కోవాలి.

కొండగాలి:
చలి మాట నిజమే తమ్ముడూ. దానికి మేం చేసేది ఇదీ: రాత్రి డబ్బాను కారులో వదలకుండా గదిలోకి తెచ్చుకుంటాం, పొద్దున కాసేపు శాలువాలో చుట్టి ఉంచుతాం. కొన్ని స్టవ్‌లలో బర్నర్ దగ్గర్నుంచి డబ్బా దాకా ఒక లోహపు పట్టీ ఉంటుంది. అది కాస్త కాస్త వేడి అందిస్తూ మంట పడిపోకుండా చూస్తుంది. లంబసింగికి అది ఉన్నది కొనడం మేలు. అంతేగానీ డబ్బాను మంట దగ్గర కాచడం, మరిగే నీళ్లలో పెట్టడం ఎప్పటికీ చేయకూడదు.

నీ చిన్న బర్నర్ కొండకు మంచిదే. బాటసారి గారు మూడు లీటర్ల కుక్కర్ పెట్టాలి. నిలువు డబ్బా, దాని మీద బర్నర్, దాని మీద కుక్కర్, పక్కన పరుగెత్తే పిల్లలు. అది నిలబడదు. గాలికి మంట ఆరుతోందని ఆ డబ్బా చుట్టూ రేకు అడ్డం పెట్టేవాళ్లనూ చూశాను. వేడంతా డబ్బా మీదకే తిరుగుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే, దూరంగా అడ్డం పెట్టాలి.

పాత కాపురం:
మీరంతా చలి గురించి తర్జనభర్జన పడుతున్నారు గానీ, మా రోజుల్లో కిరోసిన్ పంపు స్టవ్వుకి ఆ గొడవే లేదు. గ్యాస్‌లో ప్రెషర్ వాతావరణం ఇస్తుంది, పంపు స్టవ్వులో మన చెయ్యి ఇస్తుంది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ 1892లో తెచ్చిన ప్రైమస్ అదే పద్ధతి. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం మంచు కరిగించుకున్నది ప్రైమస్ స్టవ్వుల మీదే. బర్నర్ కింద ఉండే చిన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నర్ బాగా వేడెక్కాక పంపు కొట్టాలి. మసి పట్టి సన్నని కన్నం మూసుకుపోతే పిన్నుతో పొడవాలి. బుస్సుమనే నీలి మంట ఇప్పటికీ చెవుల్లో ఉంది. కానీ బాటసారికి నేను అది కొనమని చెప్పను. ఇవాళ కిరోసిన్ దొరకడమే గగనం, పిల్లల దగ్గర ఆ వెలిగించే పని మంచిది కాదు.

స్వయంకృషి:
అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నేను డబ్బాలు నింపుతాను. అడాప్టర్ ఆన్‌లైన్‌లోనే అమ్ముతున్నారు కదా, తప్పయితే ఎలా అమ్ముతారు? ప్రతిసారీ తూకం వేసి, 220 గ్రాములు మించకుండా నింపుతా. ఇంతవరకూ ఏమీ కాలేదు. ఒక్కసారి వాడి మంచి ఇనుప డబ్బాను చెత్తలో పారేయడానికి నాకు మనసొప్పదు. కొండల మీద చూడండి, ఖాళీ డబ్బాలు ఎన్ని పడి ఉంటాయో. కొత్తది కొనమని చెప్పడం తేలిక, ఆ చెత్తకు జవాబు చెప్పండి.

బండల డిపో:
స్వయంకృషి గారూ, నేను గ్యాస్ ఏజెన్సీలో పని చేశాను. చెత్త గురించి మీ బాధ న్యాయమైనదే. కానీ నింపడం మాత్రం దయచేసి ఆపండి. మీరు తూకం దగ్గర జాగ్రత్త పడుతున్నారు. తూకం ఒక్కటే సమస్య అయితే నేనింత రాయను.

మీ ఇంటి బండలో ఉన్నది ఒట్టి బ్యూటేన్ కాదు, ప్రొపేన్ కలిసినది. నలభై డిగ్రీల ఎండలో బ్యూటేన్ ప్రెషర్ నాలుగు బార్ల లోపు (బార్ అంటే ఒత్తిడికి కొలత). ప్రొపేన్‌ది పదమూడు దాటుతుంది. కలిపినది ఈ రెంటి మధ్యలో ఉంటుంది, అంటే డబ్బా ఏ గ్యాస్ కోసం తయారైందో దానికంటే రెండు మూడు రెట్ల ఒత్తిడి పడొచ్చు. బండ మందపాటి ఉక్కు. దాన్ని చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడితో పరీక్షించి పంపిస్తారు, కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు, ఆ గడువు బండ పైన కడ్డీ లోపలి వైపు రాసి ఉంటుంది. మీ డబ్బా పల్చటి రేకు. ఒక్కసారి నింపడానికే చేసిన వాల్వు, లోపల చిన్న రబ్బరు వాషర్. రెండోసారి, మూడోసారి గుచ్చితే ఆ రబ్బరు సరిగా మూసుకోదు. డబ్బాను ఎవరూ మళ్లీ పరీక్షించరు.

ఇంకొకటి. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే ఏ బండనూ నిండా నింపరు, పైన ఖాళీ వదులుతారు. మీ తూకం ఒక్కరోజు తప్పి, పైన ఖాళీ మిగలకపోతే, ఎండలో ద్రవం పెరిగి పెరిగి రేకును చీలుస్తుంది. కాసెట్ స్టవ్‌లో మీట పైకి లేచే సేఫ్టీ బ్యూటేన్ ప్రెషర్ లెక్కకు పెట్టినది. మీ గ్యాస్‌కి అది సరిగ్గా పని చేస్తుందని ఎవరు హామీ ఇస్తారు? నింపేటప్పుడు కొంత గ్యాస్ బయటికి రాక మానదు. అది నేల మీద పాకుతుంది. వంటగదిలో ఫ్రిజ్ ఆన్ అయ్యే చిన్న స్పార్క్ చాలు.

చట్టం మాట కూడా వినండి. ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు 2000 ప్రకారం అనుమతి లేనివాళ్లు ఒక సిలిండర్ నుంచి ఇంకోదాంట్లోకి గ్యాస్ మార్చకూడదు. అడాప్టర్ అమ్ముతున్నారు కదా అంటే, అమ్మడం వేరు, ఆ పని చేసే అనుమతి వేరు. హైదరాబాద్‌లో గదుల్లో ఉండే కుర్రాళ్లకు వీధి చివర షాపులో బండ నింపి ఇస్తారు చూడండి, పైన బర్నర్ బిగించిన చిన్న బండలు, అదీ ఇంతే. హైవే వంటిల్లు గారు చెప్పిన కంపెనీ 5 కిలోల బండ వేరు, వీధిలో నింపే బండ వేరు. బాటసారి గారు ఆ రెంటినీ కలపొద్దు.

విశాఖ అక్క:
మధ్యలో ఒక డౌట్. మేం విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్తాం. కాసెట్ స్టవ్, రెండు డబ్బాలు బ్యాగ్‌లో పెట్టుకోవచ్చా? రైల్లో వెలిగించం, అక్కడికెళ్లాకే.

బండల డిపో:
వద్దక్కా. వెలిగించినా వెలిగించకపోయినా రైల్లో గ్యాస్ తీసుకెళ్లడమే నిషేధం. రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు ఉంది. 2023 ఆగస్టు 26న మదురైలో యార్డులో నిలిపి ఉంచిన యాత్రికుల బోగీలో ఏం జరిగిందో గుర్తుందా? లక్నో నుంచి వచ్చినవాళ్లు దొంగచాటుగా తెచ్చుకున్న సిలిండర్ వెలిగించారు. తొమ్మిది మంది చనిపోయారు. స్టవ్ ఒక్కటే తీసుకెళ్లి డబ్బా అక్కడ దొరికితే కొనండి, లేకపోతే అరకులో తినండి.

స్వయంకృషి:
బండల డిపో గారూ, ప్రొపేన్ ప్రెషర్ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా నా చెత్త ప్రశ్న అలాగే ఉంది. కంపెనీలే డబ్బాలు వెనక్కి తీసుకుని నింపి ఇవ్వాలి. బీరు సీసాలకు, సోడా సీసాలకు ఉన్న పద్ధతి వీటికి ఎందుకు లేదు?

కొండగాలి:
ఆ డిమాండ్‌కి నేనూ మీతోనే ఉన్నాను. అప్పటిదాకా నేను చేసేది, మంట దానంతటదే ఆరిపోయేదాకా వాడి, డబ్బాను ఇంటికి తెచ్చి పాత ఇనుము వాళ్లకు ఇవ్వడం. కొండ మీద ఒక్కటి కూడా వదలం.

హైవే వంటిల్లు:
నా మాట నేను వెనక్కి తీసుకోను. మాలాగా రెండు కార్లలో పది, పన్నెండు మంది వెళ్లి ఒకేచోట రెండు రోజులు ఉండి వండుకునేవాళ్లకు కంపెనీ బండే సరి. రెండు కాసెట్ స్టవ్‌లు పక్కపక్కన పెట్టి పెద్ద గిన్నె ఎక్కించేవాళ్లను చూశాను, అది ఇంకా ప్రమాదం. ఆరుగురు, ఊరూరా ఆగుతూ వెళ్లేదైతే కాసెట్ తీసుకోనీ.

గుంటూరు బాటసారి:
అందరికీ చాలా థాంక్స్. కాసెట్ స్టవ్ తీసుకుంటున్నా, లోహపు పట్టీ ఉన్నదే. నింపే సంగతి మా బావమరిదికి ఈ పేజీ చూపించి నేనే చెప్తాను. రెండు డౌట్లు మిగిలాయి. మా ఇంట్లో అట్ల పెనం పెద్దది, దాన్ని పెట్టొచ్చా? మిగిలిన డబ్బాలను వేసవి దాకా కారులోనే ఉంచొచ్చా?

కొండగాలి:
పెనం వద్దండీ. అంచు డబ్బా ఉన్న వైపు పైకి వచ్చిందంటే వేడంతా కిందికి డబ్బా మీదకే కొడుతుంది. డబ్బా గది మూత చేతికి కాలుతోందంటే వెంటనే ఆపేయాలి. బర్నర్ చుట్టూ ఉన్న కాళ్ల దాకానే వచ్చే చిన్న పెనం కొనుక్కోండి.

డబ్బాలు కారులో అస్సలు వద్దు. చాలా డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మన గుంటూరు ఎండలో మూసిన కారు లోపల ఆ వేడి ఇట్టే దాటుతుంది. ఇంట్లో నీడన, గాలి ఆడేచోట, స్టవ్ నుంచి విడిగా తీసి పెట్టండి.

లంబసింగిలో చలేస్తోందని గది తలుపులన్నీ మూసేసి గానీ, టెంటు లోపల గానీ వెలిగించొద్దు. మంట ఆక్సిజన్ తినేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు. వరండాలోనే పెట్టండి. ఇంకోటి, పెట్టెలోంచి తీసినప్పుడు గిన్నె పెట్టే కాళ్ల పలక తలకిందులుగా ఉంటుంది, చోటు కలిసొస్తుందని కొన్ని కంపెనీలు అలా సర్దుతాయి. దాన్ని తిప్పి, కాళ్లు పైకి వచ్చేలా పెట్టి, గాడిలో కూర్చుందో లేదో చూసుకున్నాకే వెలిగించండి. ప్రయాణానికి ముందు ఒకసారి మేడ మీద టీ పెట్టి చూసుకోండి, మీ ఆవిడకీ నాన్నగారికీ కూడా మీట ఎలా దించాలో చూపించండి.