టేపు పీకితే అంచు రంపంలా వస్తోంది: కాన్వాస్, అక్రిలిక్, చెన్నై ఉక్క

చుక్కలముగ్గు:

అందరికీ నమస్కారం. చెన్నై, అడయారు. 3 అడుగుల చదరాలు ఆరు వేస్తున్నాను, షాపులో ప్రైమ్ చేసి (అడుగుపూత వేసి) అమ్మే కాటన్ కాన్వాస్ మీద. లేత బూడిద రంగు నేల, దాని మీద నిలువుగా ఎర్ర పట్టీలు. పట్టీ 2 సెం.మీ., సందు 1 సెం.మీ., చదరానికి 28 పట్టీలు. బూడిద రెండు పూతలు, మర్నాడు మామూలు పసుపు మాస్కింగ్ టేపు, ఎరుపు రెండు పూతలు, ఆ మర్నాడు టేపు పీకడం. ఇదీ వరస.

మూడు తేడాలొస్తున్నాయి. అంచు నిండా రంపం పళ్లు. అక్కడక్కడ టేపుతోపాటు బూడిద కూడా పెచ్చులుగా లేచి కింద తెలుపు బయటపడుతోంది. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి పట్టీకీ రెండు వైపులా గట్టు కనిపిస్తోంది. ఖరీదైన టేపు కొంటే ఇవన్నీ పోతాయా?

ఉప్పుకాగితం:

టేపు మారిస్తే కొంత పోతుంది, అంతా పోదు. రంపం పళ్లకు మూలం నేత. టేపు పోగుల మిట్టల మీద అతుక్కుంటుంది, పల్లాల మీద వంతెనలా నిలబడుతుంది. రంగు ఆ వంతెన కిందినుంచి దూరిపోతుంది. భూతద్దం పెట్టి చూడండి: పంటికీ పంటికీ మధ్య దూరం, పోగుకీ పోగుకీ మధ్య దూరం దాదాపు ఒకటే ఉంటుంది. షాపు కాన్వాసుకి ఉండే పలచటి ప్రైమింగ్ ఆ పల్లాలను పూడ్చదు.

ఇంకా మొదలుపెట్టని కాన్వాసులకి పైన మరో మూడు నాలుగు పూతల గెస్సో (అడుగుపూతకి వాడే తెల్లరంగు) వేయండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గెస్సో మరీ చిక్కగా ఉంటే పది పాళ్లకి ఒక పాలు నీళ్లు, అంతకు మించొద్దు. ప్రతి పూతా ఆరాక 220 నంబరు ఉప్పు కాగితం, చివరిదానికి 400. అరచేత్తో రాస్తే పోగు తగలకూడదు. రుద్దేటప్పుడు కాన్వాస్ వెనక, చట్రం లోపల సరిపోయే అట్టముక్కలు దోపండి. లేకపోతే చట్రం చెక్క గీత ముందువైపు అచ్చుపడుతుంది, ఇక అది పోదు. దుమ్ముని తడిగుడ్డతో తుడిచి, ఆరాకే బూడిద.

మామూలు మాస్కింగ్ టేపు ముడతల కాగితం. సాగడానికి ఆ ముడతలు పెట్టారు, మనకి మాత్రం అవే కాలువలు. ముడతల్లేని పలచటి వాషి టేపు గానీ, కార్లకి రెండు రంగులు కొట్టేటప్పుడు వాడే ఫైన్‌లైన్ వినైల్ టేపు గానీ తీసుకోండి. రెండోది ఆర్ట్ షాపులో కాదు, కారు పెయింట్ సామాను అమ్మేచోట అడగాలి. టేపు చుట్టని జిప్ కవరులో దాచండి. బల్ల మీద వదిలేస్తే పక్క అంచుకి దుమ్మూ వెంట్రుకలూ పడతాయి, రంగుని కిందికి నడిపించేది ఆ వెంట్రుకే.

నాలుగోపూత:

పైన చెప్పినదానికి అడ్డుచెప్పను. కానీ ఆరూ మళ్లీ గెస్సో పట్టక్కర్లేదు, బూడిద వేసేసినవి ఇలా కాపాడుకోవచ్చు. టేపు అంటించి, అంచుని చెంచా వెనకవైపుతో నొక్కి, ఎరుపుకి ముందు టేపు అంచు మీద అదే బూడిదని పలచగా ఒకసారి లాగండి. టేపు కిందికి పాకేది ఏదైనా ఉంటే ఆ బూడిదే పాకుతుంది. బూడిదలో బూడిద కలిస్తే కంటికి కనిపించదు, టేపు కింది సందు కూడా మూసుకుపోతుంది. అది ఆరాక ఎరుపు. సూత్రం ఒక్కటే, టేపు కింద ఏ రంగుంటే దానితోనే మూయాలి. బూడిద సరిగ్గా కలవదనుకుంటే మ్యాట్ మీడియం (మెరుపు లేని, రంగు కలపని అక్రిలిక్) వాడొచ్చు, పాలలాంటి తెలుపు పోయేదాకా ఆగితే చాలు. మెరిసే రకం, గ్లాసీ మీడియం మాత్రం వద్దు, పట్టీ పక్కన సన్నటి మెరుపు గీత మిగిలిపోతుంది.

గట్టు తప్పు మర్నాటిది. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొర. టేపు మీదా కాన్వాస్ మీదా ఒకే పొరగా బిగుసుకున్నాక లాగితే అది తెగదు, చిరుగుతుంది. చివరి పూత వేలికి ఇంకా కాస్త జిగటగా ఉండగానే తీసేయండి. టేపుని దానిమీదకే మడిచి, దాదాపు వెనక్కి తిప్పి, రంగుకి దూరంగా, నెమ్మదిగా. ఆలస్యమైపోతే కొత్త బ్లేడుతో అంచు వెంట పొర మాత్రమే తెగేలా ఒక గీత గీసి తీయాలి. ఇక కుంచె టేపు మీద మొదలై పట్టీ మధ్యకి రావాలి. పట్టీ నుంచి టేపు వైపు తోస్తే రంగుని మీరే కిందికి నెట్టినట్టు. ఒక మందపు పూత కన్నా మూడు పలచటివి మేలు.

పెచ్చులకి కారణం ఉక్క. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో బూడిద పైన ఆరినట్టుంటుంది, లోపల నీళ్లుంటాయి. ముంజేయి వెనకవైపు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి పోతున్నట్టే. వేసవిలో ఒక రోజు చాలు, నవంబరు, డిసెంబరుల్లో మూడు రోజులు వదలండి. ఫ్యాను నేరుగా కొడితే పైన చర్మం కట్టి లోపలి తడిని పట్టి ఉంచుతుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టడం మంచిది. బూడిదలో నీళ్లు ఎక్కువ కలిపినా ఇదే గతి, రంగుని పట్టి ఉంచే బైండర్ పలచబడి పట్టు తగ్గుతుంది.

టేపుని ముందు జీన్సుకి ఒకసారి అంటిస్తే జిగురు తగ్గుతుందని చాలామంది చెబుతారు. వినకండి. నూలు పీచు అంటుకుంటుంది, ప్రతి పీచూ ఒక కాలువ. శుభ్రమైన గాజు మీద ఒకసారి అంటించి తీయండి.

చుక్కలముగ్గు:

అర్థమైంది, ధన్యవాదాలు. ఇంకో రెండు. ఎరుపు రెండు పూతలేసినా కింది బూడిద తేలుతోంది. పైగా గీతలు ఎడమ నుంచి మొదలుపెడితే కుడి చివరికొచ్చేసరికి లెక్క తప్పుతోంది.

ఉప్పుకాగితం:

ట్యూబు మీద పేరు చూడకండి, పిగ్మెంట్ (అసలు రంగు పదార్థం) నంబరు చూడండి. పి.వి. 19 ఉంటే అది క్వినాక్రిడోన్, స్వభావమే పారదర్శకం, అయిదు పూతలేసినా లోపలిది కనిపిస్తుంది. పి.ఆర్. 108 అంటే కాడ్మియం ఎరుపు, బాగా కప్పుతుంది. హ్యూ అని రాసి ఉంటే అది అనుకరణ. కాడ్మియం పూతని మాత్రం పొడిగా రుద్దకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

గీతల లెక్కకి ప్రతి కొలతా ఒకే అంచు నుంచి తీసుకోవాలి, ముందరి గీత నుంచి కాదు. ఒక్కో గీతకి అర మిల్లీమీటరు తప్పు ఒకే వైపు జరిగినా 28 పట్టీలకి 14 మి.మీ. అవుతుంది. అసలు ముందు రెండు కర్ణాలూ కొలవండి. సమానం కాకపోతే చట్రమే వంకర, గీతల తప్పు కాదు. పెన్సిల్ 2హెచ్, తేలిగ్గా.

సందుని 12 మి.మీ. చేసుకుంటే ఇంకా సులువు. ఆ వెడల్పు టేపు దొరుకుతుంది, ఒక్క టేపుతో రెండు అంచులూ తయారు. 28 పట్టీలు 56 సెం.మీ., 27 సందులు 32.4, మొత్తం 88.4. 3 అడుగులంటే 91.4, కాబట్టి అటూ ఇటూ ఒకటిన్నర సెంటీమీటరు మిగులు.

కోణమానిని:

సాంకేతికం అంతా సరే. కానీ కత్తిలాంటి అంచు లేకపోతే జామెట్రిక్ చిత్రం కాదన్నట్టు అందరం మాట్లాడుతున్నాం, అది ఒప్పుకోను. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో పోయేదాకా వెయ్యికి పైగా వేసిన చదరాల్లో టేపు లేదు. మేసనైట్ అనే గట్టి చెక్కపొట్టు బోర్డు మీద ట్యూబులోంచి నేరుగా, ప్యాలెట్ నైఫుతో పరిచాడు. ఏ కంపెనీ, ఏ రంగు అన్నది వెనక రాసిపెట్టుకునేవాడు. రెండు చదరాలు ఆనుకునేచోట చేతి వణుకు కనిపిస్తుంది, రంగులు ఒకదాన్నొకటి కదిలించేదీ అక్కడే. అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా 1958-60 నల్ల చిత్రాల్లో పట్టీల మధ్య సన్నటి సందు అసలు రంగే కాదు, వదిలేసిన ఉత్త కాన్వాస్. దాని అంచులు మెత్తగా ఉంటాయి. చిత్రకారుడు మాలెవిచ్ 1915 నల్ల చదరం కొలిస్తే కచ్చితమైన చదరమే కాదు.

టేపు సంగతికొస్తే, అమెరికన్ చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1948లో ఒక చిత్రంలో మధ్యగీత కోసం టేపు అంటించి, దాని మీద కాడ్మియం ఎరుపు పూసి, ఇక తీయనే లేదు. ఆ టేపు ఇప్పటికీ చిత్రంలోనే ఉంది.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలోని చోళమండలం కళాకారుల గ్రామానికి ఒక పూట వెళ్లండి. చిత్రకారుడు పణిక్కర్ 1966లో మొదలుపెట్టిన ఊరది. మద్రాసు కళాకారులు వృత్తాన్నీ త్రికోణాన్నీ ఎలా తీసుకున్నారో అడుగు దూరం నుంచి చూడండి. మీ పేరులోనే ముగ్గుంది కదా. పిండి వేళ్ల మధ్యనుంచి జారే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, అయినా చుక్కల లెక్క తప్పదు. 28 పట్టీల వరసలో మాత్రం టేపే సరి. అన్నిసార్లు తిరిగొచ్చే గీతలో ఒక్కటి వంకరపోయినా కన్ను అక్కడే ఆగుతుంది. ఆరింటిలో ఒకటి చదునైన కుంచెతో, చేతికి కర్ర ఊతం పెట్టుకుని వేసి, మిగతా అయిదింటి పక్కన నిలబెట్టి చూడండి.

నాలుగోపూత:

కోణమానిని గారితో గొడవ లేదు. వణుకు కావాలనుకుంటే అది చేతిది కావాలి, నేతది కాకూడదు.

పూర్తయ్యాక ఒక జాగ్రత్త. అక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది, మే నెల చెన్నై ఎండ అందుకు చాలు. రెండు కాన్వాసులు ముఖాముఖి పెట్టొద్దు, అతుక్కుపోతాయి. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టొద్దు. విప్పేసరికి పట్టీల మీద వరసగా గుండ్రటి ముద్రలు, మీరు అడగని చుక్కల ముగ్గు. ముందు సిలికాన్ పూసిన బేకింగ్ పేపర్, దానిమీద అట్ట, ఆ పైన బబుల్ ర్యాప్ బుడగలు బయటికి ఉండేలా. నాలుగు మూలలకీ అట్ట మూతలు తొడిగితే మధ్య భాగానికి ఏదీ తగలదు.