అడవిలోకి వెళ్లిన యువకులకు తాము వెతికింది దొరికిందా?

ప్రశ్న (ఒక అక్క)

మా తమ్ముడు చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, ఇక వాడి గురించి బెంగ లేదని ఇంట్లో అందరం అనుకుంటున్న సమయంలో, అన్నీ వదిలేసి మనుషులు లేని అడవిలో కొంతకాలం ఒంటరిగా బతకాలని ఉందని చెప్పాడు. అది కోపంలో అన్న మాట కాదు, చాలాకాలంగా ఆలోచించి అన్నదే. ఇక్కడ తానేం చేసినా ఇతరులు రాసిపెట్టిన పాత్రనే పోషిస్తున్నట్టు ఉంటుందనీ, చూసేవాళ్లెవరూ లేనిచోట మిగిలేదే అసలైన తాననీ వాడి వాదన. అమెరికాలోని అలాస్కా అడవిలో ఒంటరిగా బతకబోయి ప్రాణాలు కోల్పోయిన యువకుడు క్రిస్ మెక్‌క్యాండ్లెస్ పేరు వాడి నోట తరచుగా వినిపిస్తుంటుంది. అమ్మానాన్నలు దీన్ని పిచ్చి అని కొట్టిపారేస్తున్నారు కానీ, నేను అంత తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఇలా వెళ్లినవారికి వెతికింది దొరికిందా? ఈ విషయం బాగా తెలిసినవారెవరైనా చెబితే, వాడితో మాట్లాడటానికి నాకొక ఆధారం ఉంటుంది.

సమాధానం (పాత పుస్తకాలు)

చూసేవాళ్లెవరూ లేనిచోట అసలైన తాను మిగులుతాడన్న మాటను నిజంగా చివరిదాకా పరీక్షించిన మనిషి ఒకరున్నారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన క్రిస్టఫర్ నైట్ 1986లో, 20 ఏళ్ల వయసులో, ఎవరికీ చెప్పకుండా అడవిలోకి నడిచి వెళ్లిపోయి, 2013లో పట్టుబడేదాకా 27 ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. పొగ కనిపిస్తే తన జాడ తెలిసిపోతుందని, ఎముకలు కొరికే చలికాలంలో కూడా కట్టెలతో మంట వేసుకోలేదు. ఇంతటి ఏకాంతం తర్వాత ఏం తెలిసిందని అడిగితే, తనను చూసేవాళ్లెవరూ లేకపోయేసరికి తన వ్యక్తిత్వమే మాయమైపోయిందన్న అర్థంలో ఆయన జవాబిచ్చాడు. అది ఆయనకు బాధ కలిగించలేదు, ఒకవిధంగా స్వేచ్ఛే ఇచ్చింది. కానీ మీ తమ్ముడు ఆశిస్తున్నది మాత్రం అది కాదు. పైగా, ఆయన తిండి, బట్టలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ చుట్టుపక్కల విడిది ఇళ్ల నుంచి చేసిన దొంగతనాలతోనే సమకూరాయి. సమాజాన్ని వదిలేశాననుకున్న మనిషి, ఒక్క ఏడాది కూడా దాని సరుకు లేకుండా బతకలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో కథ. 1845 జులై 4న, 28వ ఏడు నిండడానికి కొద్ది రోజుల ముందు, ఆయన వాల్డెన్ చెరువు ఒడ్డున తాను కట్టుకున్న గదిలోకి మారాడు. ఆ స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. ఊరు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉండేది, వచ్చిపోయేవాళ్లూ ఉండేవారు. అదేం వనవాసమని ఎగతాళి చేసేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. నాకు మాత్రం ఆయన అక్కడికి ఎందుకు వెళ్లాడన్నది ముఖ్యంగా తోస్తుంది. 1842లో ధనుర్వాతంతో చనిపోయిన అన్న జాన్‌తో కలిసి చేసిన పడవ ప్రయాణం గురించి పుస్తకం రాయాలన్నది ఆయన ప్రధాన సంకల్పాల్లో ఒకటి. రాశాడు కూడా. రెండేళ్ల రెండు నెలలు గడిచాక, ఇంకా బతకవలసిన జీవితాలు చాలా ఉన్నాయనిపించి తిరిగి వచ్చేశాడు. ఆయన వెంట చేయవలసిన పని ఒకటి ఉంది, వెనక్కి రావడానికి దారీ ఉంది. తనను తాను తెలుసుకోవడమన్నది ఆ పని చేసుకుంటూ ఉండగా జరిగిందే తప్ప, దానికోసమే కాచుకు కూర్చుంటే జరిగింది కాదు. అందుకే మీ తమ్ముడిని ‘ఎందుకు వెళ్తావు’ అని కాక, ‘వెళ్లి ఏం చేస్తావు’ అని అడగండి.

సమాధానం (కొండదారి)

అడవుల్లో ఎక్కువ కాలం పనిచేసినవాణ్ని కాబట్టి, నేను మెక్‌క్యాండ్లెస్ విషయానికే పరిమితమవుతాను. అతను 1992 ఏప్రిల్ చివరలో అలాస్కా అడవిలోకి పోయే స్టాంపీడ్ అనే బాట పట్టినప్పుడు వెంట ఉన్నవి సుమారు 4.5 కిలోల బియ్యం, ఒక చిన్న తుపాకి, కొన్ని పుస్తకాలు. దారిలో దాటిన టెక్లనికా నది అప్పటికి చలికి సన్నగిల్లి, నడిచి దాటగలిగేలా ఉంది. జూన్‌లో ఒక పెద్ద దుప్పిని వేటాడగలిగాడు కానీ, అంత మాంసాన్ని పాడవకుండా నిలవచేయడం చేతకాక, పురుగులు పడుతుంటే చూస్తూ వదులుకోవలసి వచ్చింది. ఆ జంతువును చంపి ఉండకూడదని తన డైరీలో బాధపడ్డాడు. జులై మొదట్లో ఇక చాలనుకుని తిరుగు ప్రయాణమయ్యాడు. ఇది చాలామంది మరిచిపోయే విషయం. అతను అక్కడే ఉండిపోవాలనుకోలేదు, తిరిగి రావాలనుకున్నాడు. కానీ వేసవి ఎండకు మంచు కరిగి, అదే నది ఉరకలెత్తుతోంది. ఆ చుట్టుపక్కలే, మైలు దూరంలోపే, నీటిమట్టం కొలిచేవారు వాడే తీగ మీది బుట్ట ఒకటి ఉంది. సరైన పటం ఉంటే అందులో కూర్చుని అవతలి ఒడ్డుకు చేరి ఉండేవాడు. పటం లేదు. అడవిలో అన్నాళ్లూ తాను తలదాచుకున్న పాడుబడ్డ బస్సుకే తిరిగి వెళ్లి, ఆగస్టులో ఆకలితో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 24.

అతని ఆశయాన్ని నేను తప్పుపట్టను. కానీ హిమానీనదాల నీటితో పారే నది తెల్లవారుజామున తగ్గి, సాయంత్రానికి పొంగుతుందనీ, దాటేటప్పుడు వీపు సంచి నడుం పట్టీని విప్పుకోవాలనీ అడవిలో తిరిగేవాళ్లు మొదటే నేర్చుకునే పాఠాలు. అతని తర్వాత ఆ బస్సును చూడాలని బయలుదేరినవారిలో ఇద్దరు, 2010లో ఒకరు, 2019లో ఒకరు, అదే నదిలో కొట్టుకుపోయి చనిపోయారు. చివరికి 2020 జూన్‌లో బస్సునే హెలికాప్టర్‌తో అక్కడి నుంచి తరలించవలసి వచ్చింది. అదే అలాస్కాలో రిచర్డ్ ప్రొయెనెకె దాదాపు 30 ఏళ్లు ఒంటరిగా బతికాడు. అయితే 1968లో కొయ్యింటి పని మొదలుపెట్టేనాటికి ఆయనకు 50 ఏళ్లు దాటాయి, చేతిలో వడ్రంగం ఉంది, చిన్న విమానంలో సరుకులు తెచ్చిపెట్టే స్నేహితుడున్నాడు.

సమాధానం (ఎదురీత)

పై ఇద్దరూ చెప్పినవి నిజాలే అయినా, చనిపోయినవాళ్లను, పట్టుబడినవాళ్లను ఎత్తిచూపితే ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు దొరకదు. ఇది ఒక్కరికి పట్టిన వెర్రి కాదు, తరతరాలుగా వస్తున్న అసంతృప్తి. బెర్లిన్ శివార్లలోని స్టెగ్లిట్జ్‌లో 1896లో కొందరు బడిపిల్లలు వారాంతాల్లో అడవుల వెంట నడవడం మొదలుపెడితే, అది కొన్నేళ్లలో వాండర్‌ఫోగెల్ అనే పెద్ద యువజన ఉద్యమమైంది. క్రమశిక్షణ, హోదా, పరీక్షలు తప్ప మరేమీ పట్టని పెద్దల లోకం వాళ్లకు ఊపిరాడనివ్వలేదు. వాళ్లు గుంపులుగా వెళ్లారు, పాటలు పాడుకున్నారు, సెలవు ముగియగానే తిరిగి వచ్చారు. సిద్ధార్థుడు సైతం 29వ ఏట ఇల్లు విడిచిన తర్వాత గురువులను ఆశ్రయించాడు, అయిదుగురు సహచరులతో తపస్సు చేశాడు. ఒంటరితనమే జ్ఞానమని ఎక్కడా అనలేదు. అందుచేత వెళ్లవద్దని కాదు, ఒంటరిగానే ఎందుకని అడగాలి. మరొక్క మాట, పాత్ర పోషిస్తున్నాననిపించేది ఆ ఒక్క ఉద్యోగంలోనే అయితే, మార్చుకోవలసింది ఉద్యోగాన్నే. దానికి అడవి దాకా వెళ్లనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (ఒక అక్క)

వెళ్లి ఏం చేస్తావని వాడిని అడిగాను. మొదట విసుక్కున్నాడు, ఆ తర్వాత చాలాసేపటికి పక్షుల్ని గమనిస్తూ రాసుకోవాలని ఉందన్నాడు. చిన్నప్పుడు వాడికి ఆ ఇష్టం ఉండేది. ఒక్కడివే ఎందుకన్న దానికి మాత్రం ఇంకా జవాబివ్వలేదు.

సమాధానం (కొండదారి)

అయితే ఆ కొస పట్టుకోండి. వన్యప్రాణులపై పరిశోధన చేసేవారికి నెలల తరబడి అడవిలో ఉండి లెక్కలు రాసే సహాయకుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. జీతం అంతంతమాత్రమే, ఒంటరితనం మాత్రం కావలసినంత దొరుకుతుంది. తోడుగా అడవి తెలిసినవాళ్లు ఉంటారు, నదిని ఎప్పుడు దాటకూడదో వాళ్లే నేర్పుతారు. అందులో ఒక కాలం గడిపి వచ్చాక కూడా ఒంటరిగానే వెళ్తానంటే అడ్డుపడకండి. బయలుదేరే ముందు మాత్రం ఏ దారిన వెళ్తున్నాడో, ఏ రోజుకు తిరిగి వస్తాడో, ఆ రోజు దాటితే ఎవరికి కబురు చేయాలో కాగితం మీద రాసి మీ చేతికి ఇవ్వమనండి. రెండో ప్రతిని అక్కడి అటవీ అధికారుల దగ్గర ఉంచమనండి.