ఈ వారం సమస్య: కడలి లోపల నిలుచుండి తడియలేదు

మాస్టారు: నిన్న మా మేనల్లుడు కళ్ల ముందు మరో లోకం చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, మంచం మీదే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. అలొస్తోందట! చివరి పాదం అక్కడే దొరికింది, ముందు మూడు పాదాలు మీవి. తేటగీతి, కడలి–తడియ ప్రాసయతి (రెండో అక్షరం ‘డ’ కలిసింది). షరతు ఒకటే: ఆ లోకంలో మనిషిగాని, ఏఐగాని ఎలా కనిపిస్తుందో పద్యంలో ఉండాలి.

పెదవాల్తేరు:
కంటికద్దాల డబ్బాను కట్టినాడు,
పడక దిగకుండ యారాడ కడకు బోయె,
నడుము మునిగెడి నీటిలో నవ్వుకొనుచు
కడలి లోపల నిలుచుండి తడియలేదు.

మాస్టారు: ఘాట్ రోడ్డు ఎక్కకుండా విశాఖ దగ్గరి యారాడ బీచ్ చేరినవాడు ఇతనొక్కడే! గణాలు, యతులు కుదిరాయి. కానీ అక్కడ మీవాడు ఏ రూపంలో ఉన్నాడు? షరతు ఎగ్గొట్టారు.

దారినపోయేవాడు: కురుసురా జలాంతర్గామిలో నిలబడితే సరి, పూరణ అయిపోయె.

మాస్టారు: అది 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియం నాయనా. కడలి ఎక్కడ?

గాజువాక కుర్రాడు:
అద్దె యంత్రాన చొరబడి, యరువు తనువు
నలుపు తెలుపుల బొమ్మయై వచ్చె పేద;
రంగు కొనలేని మేనిపై రాదు తరగ,
కడలి లోపల నిలుచుండి తడియలేదు.
1992 నాటి ‘స్నో క్రాష్’ నవలలో కంప్యూటర్ లోకంలోకి పబ్లిక్ బూత్ నుంచి వచ్చేవాళ్ల అవతారాలు (అక్కడ కనిపించే రూపాలు) నలుపు తెలుపుల్లో, మసకగా ఉంటాయి. అక్కడి నుంచి ఎత్తుకున్నా.

మాస్టారు: రెండో పాదంలో న–వ యతి చెల్లదు తమ్ముడూ. ‘వచ్చె’ తీసి ‘నడచె’ పెట్టు. మూడో పాదం మాత్రం నీ సొంతం. తడవడానికీ డబ్బులు కట్టాలన్నమాట!

భీమిలి అక్క:
మనసు లేనట్టి మరబొమ్మ మనిషి మొగము
తొడిగి మాతోడ తీరాన నడచి వచ్చె;
తడిసి మేమెల్ల వణకంగ, తానొకటియె
కడలి లోపల నిలుచుండి తడియలేదు.

పెదవాల్తేరు: ఇది దమయంతి కష్టమే కదా అక్కా! స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి రూపులో వరసగా నిలబడితే చెమట పట్టని ఒళ్లు, వాలని రెప్పలు, నేలకు ఆనని పాదాలు చూసి పోల్చుకుంది. అందులో వరుణుడూ ఉన్నాడు, ఆయన తడుస్తాడా ఏమిటి.

భీమిలి అక్క: అదే మనసులో ఉంది. ‘ట్రాన్’ (1982) సినిమాలోనూ కంప్యూటర్ లోపల మనుషుల్లా తిరిగే ప్రోగ్రాములకు వాటిని రాసినవాళ్ల ముఖాలే. ముఖం ఒకటే అయ్యాక పోల్చుకోవడానికి ఇంకేదో కావాలిగా, అందుకే తడి పెట్టాను.

మాస్టారు: పద్యం బాగుందమ్మా. కానీ ‘మనసు లేనట్టి మరబొమ్మ’ అని మొదటే గుట్టు విప్పేశారు. ‘మంది లోపల నొక్కడు మనిషి మొగము’ అంటే?

భీమిలి అక్క: అప్పుడు మూడో పాదంలో ‘తానొకటియె’ దగ్గర లింగం తప్పుతుంది కదండీ.

మాస్టారు: తప్పనివ్వండి. వచ్చినప్పుడు ‘ఒక్కడు’, తడి లేదని చూశాక ‘ఒకటి’.