అప్‌డేట్: జావాస్క్రిప్ట్‌లో 5, 3 కూడితే 53 ఎందుకు వచ్చిందో తెలిసింది

జవాబులు రాసిన అందరికీ చాలా థ్యాంక్స్. అప్పుడు నేను అడిగింది ఇది: వెబ్ పేజీలో రెండు బాక్సులు పెట్టి, వాటిలో టైప్ చేసిన 5, 3ని జావాస్క్రిప్ట్‌తో (వెబ్ పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) కూడితే 8 బదులు 53 వస్తోంది, తీసివేత మాత్రం సరిగ్గా 2 ఇస్తోంది, ఎందుకని?

ఇన్‌పుట్ బాక్సు నుంచి వాల్యూ తీసుకుంటే అది ఎప్పుడూ స్ట్రింగే (అంటే టెక్స్ట్, అంకెలున్నా సరే), బాక్సు టైప్ నంబర్ అని పెట్టినా అంతే. ప్లస్‌కి ఇక్కడ రెండు పనులున్నాయి, రెండు వైపులా నంబర్లుంటే కూడుతుంది, ఒక్కవైపు స్ట్రింగ్ ఉన్నా చాలు, రెండింటినీ పక్కపక్కన అతికించేస్తుంది. మైనస్‌కి అతికించే పని లేదు కాబట్టి అదే వాటిని నంబర్లుగా మార్చుకుంటుంది. ఇది అర్థమయ్యాక నిజంగా టెన్షన్ పోయింది.

ఇప్పుడు కూడే ముందు నంబర్ ఫంక్షన్‌తో వాటిని నంబర్లుగా మారుస్తున్నాను. కానీ కొత్తవాళ్లు ఒకటి చూసుకోండి, ఖాళీ బాక్సుని అలా మారిస్తే 0 వస్తుంది, టెక్స్ట్ బాక్సులో అక్షరాలుంటే నాన్ (NaN, అంటే ‘నంబర్ కాదు’) వస్తుంది, ఆ నాన్ తనకి తనే సమానం కాదు, అందుకే మూడు ఈక్వల్స్‌తో (===, రెండూ సమానమా అని చూసే గుర్తు) పోల్చినా దొరకదు, ఈజ్‌నాన్ (isNaN) ఫంక్షన్‌తో చెక్ చేయాలి. ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం కూడా.

వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు) పెట్టడానికి వార్ (var) బదులు లెట్ (let), కాన్‌స్ట్ (const) వాడమన్న సలహా కూడా పాటిస్తున్నాను, అవి 2015 నుంచి భాషలో ఉన్నాయి. తర్వాత అరేలు (విలువల జాబితాలు) మొదలుపెడతాను.