తాబేలు పిల్లల్ని చేత్తో సముద్రంలో వదలొచ్చా?

పానగల్లు: మాది నల్గొండ. ఫిబ్రవరి చివర్లో సూర్యలంక వెళ్లి బీచ్ పక్కన లాడ్జిలో దిగాం. తెల్లారి నడుస్తుంటే ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలాంటి గీత, దాని చివర లాడ్జి కుర్రాడు గుంట తవ్వి తాబేలు గుడ్లు బకెట్లో వేస్తున్నాడు. ఒకటి మా పాప చేతిలో పెట్టాడు, పెంకు మెత్తగా ఉంది, వేలితో నొక్కగానే సొట్ట పడింది. కుక్కలు తినేస్తాయని అన్నీ పెరట్లో సిమెంటు తొట్టిలో ఇసుక పోసి పాతిపెట్టాడు. ఏప్రిల్లో రండి, పొద్దున తొమ్మిదింటికి తలా ఒక పిల్లని చేతికిచ్చి నీళ్లలో వదిలిస్తాం అన్నాడు. పాప రోజూ అడుగుతోంది, నాకు మాత్రం మనసొప్పడం లేదు. వెళ్లొచ్చా?

మిర్యాలగూడ తమ్ముడు: వద్దక్కా. నేను బాపట్లలో చదివేటప్పుడు అటవీ శాఖ హేచరీలో, అంటే తాబేలు గుడ్లను కాపాడి పిల్లలు వచ్చేదాకా ఉంచే చోట, రాత్రిళ్లు సాయం చేసేవాణ్ణి. కుక్కలు, నక్కల భయం నిజమే, అక్కడా గుడ్లు తీసి మార్చేవాళ్లు. కానీ పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి, ఆలస్యమైతే పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. ఒక్కో గూట్లో వంద పైనే ఉంటాయి, ఒక్కొక్కటి రెండు వేళ్లతో పట్టుకుని మూరెడు లోతు గుంటలో పెట్టేవాళ్లం. ఇవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు, 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్లోనే, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోనే ఉన్నాయి. లాడ్జివాళ్లు సొంతంగా ముట్టుకోకూడదు.

పాలమూరు టీచర్: నాకు ఆ తొట్టి గురించే టెన్షన్. ఇసుక వేడిని బట్టే లోపల ఆడో మగో తేలుతుంది, సుమారు 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడవే, మరీ పెరిగితే గుడ్లే చచ్చిపోతాయి. మార్చిలో మన మేడ మీద ట్యాంకు నీళ్లు ఎలా కాగుతాయో తెలుసుగా! పిల్లలు రాత్రిపూట, చల్లటి ఇసుకలో బయటికొస్తాయి. తొమ్మిదింటికి ఇసుక కాలుతుంది, పైన కాకులు. సముద్రం వైపు వెలుతురు చూసుకుని వాటంతటవే నడవాలి, లాడ్జి లైట్లు వెలుగుతుంటే అటే పాకుతాయి.

పానగల్లు: ఇప్పుడే బాపట్లలో అటవీ శాఖవాళ్లకు ఫోన్ చేశాను, తొట్టి ఎక్కడుందో రాసుకున్నారు, రేపు చూస్తామన్నారు. హేచరీలో పిల్లల్ని వదిలే రోజు దూరంగా నిలబడి చూడొచ్చట. పాప మాత్రం తన చేతిలో సొట్టపడిన గుడ్డు గురించి ఏడుస్తోంది.

మిర్యాలగూడ తమ్ముడు: సొట్టకి ఏమీ కాదని చెప్పండక్కా. కొత్తగా పెట్టిన గుడ్లకు సొట్టలు మామూలే, తేమ పీల్చుకుని మళ్లీ నిండుతాయి.